రెక్కను నమ్మిన రూపశిల్పి

గాలిపటానికి తోక కట్టకపోతే అది గిరగిర తిరిగి నేలకూలుతుంది. బాణానికి ఈకలు అమర్చకపోతే అది గురి తప్పుతుంది. విమానానికి తోక కూడా ఇటువంటి అవసరమే. విమానం ముక్కు పైకి లేవకుండా, కిందికి వాలకుండా, అటూ ఇటూ ఊగకుండా నిలకడగా సాగేటట్లు చేసేది తోకే. అయితే ఆ తోకకు ఒక దోషం ఉన్నది. అది గాలికి అడ్డుపడుతుంది. దానిని మోయడానికి పొడవైన మొండెం కావాలి. ఆ మొండెమూ గాలికి అడ్డే. విమానాన్ని పైకి లేపేది రెక్క ఒక్కటే. అట్లాంటప్పుడు మిగిలిన భాగాలన్నింటినీ తొలగించి, కేవలం రెక్కనే విమానంగా ఎందుకు మలచకూడదు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి జీవితాన్ని ధారపోసిన అమెరికన్ రూపశిల్పి జాన్ నార్త్రప్. ఆత్మీయులు ఆయనను జాక్ అని పిలిచేవారు.

నార్త్రప్ 1895 నవంబరు 10వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, నెవార్క్ నగరంలో జన్మించారు. ఆయన పెరిగింది మాత్రం పసిఫిక్ సముద్ర తీరాన కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాంటా బార్బరా పట్టణంలో. 1913లో అక్కడి ఉన్నత పాఠశాలలో చదువు ముగించారు. కళాశాలలో ఇంజనీరింగు చదివే అవకాశం ఆయనకు కలగలేదు. మోటారు వాహనాల మరమ్మతు శాలలో పనివానిగా, భవన నిర్మాణ శిల్పి వద్ద చిత్తు పటాలు గీసే సహాయకునిగా జీవితాన్ని ఆరంభించారు. గణితం, భౌతికశాస్త్రం ఆయనకు ఇష్టమైన విషయాలు. పట్టాలు లేకపోయినా పట్టుదల ఉన్నది.

1916లో ఆ పట్టణంలోనే లాక్‌హీడ్ సోదరులు నీటిపై వాలే పెద్ద విమానాన్ని నిర్మించసాగారు. రెక్కల బలాన్ని లెక్కగట్టగలిగినవారు వారికి అవసరమయ్యారు. ఇరవై ఏళ్ళ నార్త్రప్ ఆ పనిలో చేరారు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం అదే సంస్థలో చిన్న క్రీడా విమానాన్ని రూపొందించేటప్పుడు ఆయనా, ఆయన సహచరులూ కలిసి ఒక కొత్త పద్ధతిని కనుగొన్నారు. కాంక్రీటుతో విమాన దేహంలో సగభాగం ఆకారం గల అచ్చును పోశారు. పలుచని చెక్క పొరలను జిగురుతో అందులో పేర్చి, వాటిపై రబ్బరు సంచిని ఉంచి గాలి నింపారు. ఆ గాలి ఒత్తిడికి పొరలన్నీ ఒకటై, నున్నని గట్టి పెంకుగా తయారయ్యాయి. లోపల అడ్డదిడ్డంగా దూలాలు, బయట బిగించిన తీగలు అవసరం లేని దేహం సిద్ధమయింది. అనవసరమైనదానిని తీసివేయడమే అందమని, అదే బలమని నార్త్రప్ అప్పుడే గ్రహించారు. ఆయన తరువాతి కృషి అంతా ఈ ఒక్క సూత్రానికి విస్తరణమే.

ఆ సంస్థ కొంతకాలానికి మూతపడింది. 1923లో నార్త్రప్ డగ్లస్ సంస్థలో చేరారు. తరువాత పునరుద్ధరింపబడిన లాక్‌హీడ్ సంస్థకు తిరిగివచ్చి వేగా అనే విమానాన్ని రూపొందించారు. 1927 జులై 4న తొలిసారి గాలిలోకి లేచిన ఆ విమానం ఆయనకు కీర్తిని తెచ్చింది. 1932లో అమీలియా ఇయర్‌హార్ట్ ఒంటరిగా అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటినదీ, 1933లో వైలీ పోస్ట్ ఒంటరిగా భూగోళాన్ని చుట్టివచ్చినదీ వేగా విమానాలలోనే. అనంతరం ఆయన సొంతంగా సంస్థను స్థాపించి, లోహంతో నిర్మించిన ఆల్ఫా అనే విమానాన్ని 1930లో ఎగురవేశారు. దాని రెక్క లోపలి గదుల అమరికను ఆ తరువాత డగ్లస్ సంస్థ తన ప్రసిద్ధ ప్రయాణికుల విమానాలలో స్వీకరించింది.

పేరు వచ్చినది, ఆదాయమూ వచ్చినది. అయినా ఆయన మనస్సు రెక్క మీదనే నిలిచి ఉన్నది. 1929లోనే మందమైన రెక్కలో ఇంజన్‌నూ, చోదకునీ ఇమిడ్చి ఒక ప్రయోగ విమానాన్ని నడిపించారు. కాని దానికి సన్నని కడ్డీల చివర తోక ఉండనే ఉన్నది. తోకను పూర్తిగా వదిలివేయడానికి మరి పదకొండు సంవత్సరాలు పట్టింది. 1939లో కాలిఫోర్నియాలోని హాథార్న్‌లో ఆయన తన పేరిట కొత్త సంస్థను నెలకొల్పారు. 1940 జులైలో ఎన్-1ఎమ్ అనే చిన్న పసుపుపచ్చ విమానం ఎండిన సరస్సు నేలపై నుండి లేచింది. దానికి తోక లేదు, మొండెం లేదు. చెక్కతో చేసిన రెక్క, అందులో ఒక మనిషి, వెనుక రెండు ప్రొపెల్లర్లు మాత్రమే ఉన్నాయి. బరువు ఎక్కువై, ఇంజన్లు వేడెక్కి, అది తొలినాళ్ళలో నేలకు కొద్ది అడుగుల ఎత్తుననే ఎగిరింది. అయినప్పటికీ అది ఎగిరింది. నార్త్రప్‌కు కావలసిన సాక్ష్యం లభించింది.

అప్పటికి ఐరోపాలో రెండవ ప్రపంచ యుద్ధం చెలరేగుతున్నది. శత్రు విమానాలను మించిన వేగంతో పోయే యుద్ధ విమానాలు కావాలని అమెరికా సైన్యం తలచింది. 1940లో పాత పద్ధతులకు కట్టుబడవలసిన పనిలేదని చెప్పి, సాహసవంతమైన నమూనాలను పంపవలసిందిగా విమాన సంస్థలను ఆహ్వానించింది. వచ్చినవాటిలో మూడింటిని ఎంపిక చేసింది. వల్టీ సంస్థ ఎక్స్‌పి-54, కర్టిస్ సంస్థ ఎక్స్‌పి-55, నార్త్రప్ సంస్థ ఎక్స్‌పి-56 ఆ మూడు. మూడింటిలోనూ ప్రొపెల్లరు వెనుకనే ఉన్నది. అంటే ఇంజన్ విమానాన్ని ముందుకు లాగదు, వెనుక నుండి నెడుతుంది. దీనివలన చోదకునికి ముందువైపు చూపుకు అడ్డు ఉండదు. తుపాకులన్నింటినీ ముక్కులోనే అమర్చవచ్చు. రెక్కపై గాలి చెదరకుండా ప్రవహిస్తుంది. ఈ మూడింటిలోను అత్యంత విచిత్రమైనది నార్త్రప్ నమూనాయే. మిగిలిన రెండూ తోకను గానీ, దానికి బదులు ముక్కు వద్ద చిన్న రెక్కను గానీ ఉంచుకున్నాయి. ఎక్స్‌పి-56 మాత్రం రెండింటినీ విడిచిపెట్టింది.

దాని నిర్మాణం అడుగడుగునా ఒక పరీక్షగా పరిణమించింది. ముందుగా అనుకున్న ఇంజన్ తయారీని దాని నిర్మాతలే నిలిపివేశారు. గాలితో చల్లబడే రెండు వేల అశ్వశక్తి గల మరొక ఇంజన్‌ను పొట్టి దేహంలో ఇమిడ్చవలసి వచ్చింది. దేహం లావెక్కింది. బరువూ పెరిగింది. ఇంజన్ శక్తిని గ్రహించడానికి ఒకదాని వెనుక ఒకటిగా, ఎదురెదురు దిశలలో తిరిగే రెండు ప్రొపెల్లర్లను అమర్చారు. ప్రమాదం సంభవించి చోదకుడు దూకవలసివస్తే వెనుక తిరిగే ప్రొపెల్లర్లు అతనిని తుత్తునియలు చేయగలవు. అందుచేత అవసరమైనప్పుడు వాటిని పేల్చి ఊడగొట్టేందుకు చుట్టూ మందుగుండు తాడును బిగించారు.

మరొక సమస్య లోహానిది. యుద్ధకాలంలో అల్యూమినియానికి కొరత ఏర్పడుతుందన్న భయం వ్యాపించింది. నార్త్రప్ మెగ్నీషియం లోహాన్ని ఎన్నుకున్నారు. అది అల్యూమినియం బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులే తూగుతుంది. కాని దానిని అతకడానికి కరిగించబోతే గాలి తగిలి భగ్గున మండుతుంది. ఈ చిక్కును ఆయన సంస్థలోని రస్సెల్ మెరెడిత్ అనే ఇంజనీరు విప్పారు. కరిగే చోటును హీలియం వాయువుతో కప్పివేసి, ప్రాణవాయువు సోకకుండా చేసి, టంగ్‌స్టన్ మొనతో లోహాన్ని అతికే పద్ధతిని ఆయన అభివృద్ధి చేశారు. తరువాతి కాలంలో హీలియం స్థానంలో ఆర్గాన్ వాయువు వాడుకలోకి వచ్చింది. మన పట్టణాలలో స్టీలు గొట్టాలను, పాత్రలను అతికే పనిశాలల ముందు కనిపించే ఆర్గాన్ వెల్డింగ్ అనే పలకకు మూలం ఆ యుద్ధ విమానపు పనిశాలలో ఉన్నదంటే ఆశ్చర్యం కలుగక మానదు.

1943 సెప్టెంబరులో కాలిఫోర్నియా ఎడారిలోని మ్యూరాక్ అనే ఎండిన సరస్సు వద్ద ఎక్స్‌పి-56 తొలిసారి నేలను విడిచింది. జాన్ మయర్స్ దాని చోదకుడు. విమానం కొద్ది అడుగుల ఎత్తున ఎగురుతూ ముక్కును అటూ ఇటూ తిప్పసాగింది. దానిని తిన్నగా నడపడం చోదకునికి గగనమైపోయింది. అక్టోబరు 8వ తేదీన నేలపై వేగంగా పరుగెత్తుతుండగా ఎడమ చక్రం టైరు పగిలింది. విమానం పల్టీలు కొట్టి ధ్వంసమయింది. మయర్స్ బయటకు విసరివేయబడ్డారు. పోలో ఆటగాళ్ళు ధరించే శిరస్త్రాణాన్ని తలకు పెట్టుకొని ఉండడం వలన ఆయన ప్రాణం దక్కింది.

నార్త్రప్ వెనుకంజ వేయలేదు, అట్లాగని తన లెక్క తప్పలేదని మొండికెత్తనూ లేదు. రెండవ విమానంలో బరువును ముందుకు జరిపారు. దేహం పైన నిలువు రెక్కను పెంచారు. రెక్కల కొనలలో గాలి గొట్టాలను అమర్చి, వాటి ద్వారా ప్రవహించే గాలితోనే దిశను మార్చే ఏర్పాటు చేశారు. 1944 మార్చిలో అది ఎగిరింది. తీరు కొంత మెరుగుపడింది గాని, వేగం అనుకున్నంతగా రాలేదు. గంటకు సుమారు 750 కిలోమీటర్లు పోగలదని అంచనా వేసిన విమానం దాని దరిదాపులకు చేరలేదు. ఇంధనం ఎక్కువగా ఖర్చయింది. వెనుక భాగం బరువై తూగింది. కొద్దిపాటి ప్రయాణాలతో దాని కథ ముగిసింది. ఎక్స్‌పి-54, ఎక్స్‌పి-55ల గతీ అంతే. ఆ మూడింటిలో ఒక్కటైనా యుద్ధరంగానికి పోలేదు. అప్పటికే అదే మ్యూరాక్ మైదానంలో 1942 అక్టోబరు నుండి అమెరికా తొలి జెట్ విమానం ఎగురుతున్నది. ప్రొపెల్లరు యుద్ధ విమానాల కాలం చివరికి వచ్చింది.

నార్త్రప్ ప్రయోగశాల అంతకన్నా విచిత్రమైన మరొక యుద్ధ విమానాన్ని కూడా తీర్చిదిద్దింది. దాని పేరు ఎక్స్‌పి-79. అందులో చోదకుడు కూర్చోడు. బోర్లా పడుకొని నడుపుతాడు. విమానం వేగంగా మలుపు తిరిగేటప్పుడు కూర్చున్న మనిషి తల నుండి రక్తం కాళ్ళలోకి దిగిపోయి స్పృహ తప్పుతుంది. పడుకొన్నవాడు అంతకన్నా ఎక్కువ ఒత్తిడిని భరించగలడు. ఇదీ ఆ ఏర్పాటులోని ఆంతర్యం. మొదట దీనిని రాకెట్టుతో నడపాలని భావించారు. 1944 జులై 5న ఇదే రూపంలోని ప్రయోగ విమానం ఒకటి రాకెట్టుతో ఎగిరి, అమెరికాలో రాకెట్టుతో నడిచిన తొలి విమానమయింది. కాని పెద్ద విమానానికి తగిన రాకెట్టు సిద్ధం కాలేదు. రెండు చిన్న జెట్ ఇంజన్లను అమర్చారు.

1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రంపై సంతకం చేసింది. యుద్ధం ముగిసింది. సరిగా పది రోజుల తరువాత, సెప్టెంబరు 12న, హ్యారీ క్రాస్బీ అనే చోదకుడు ఎక్స్‌పి-79ను తొలిసారి గాలిలోకి లేపాడు. పావుగంట సేపు విమానం చక్కగానే ఎగిరింది. అంతలో ఒక పొర్లు తీసుకుంటూ అదుపు తప్పి గిరగిర తిరుగుతూ పడిపోసాగింది. క్రాస్బీ బయటికి దూకాడు గాని, తిరుగుతున్న విమానం తగలడం వలన అతని పారాచూట్ విచ్చుకోలేదు. అతడు మరణించాడు. ఏ యుద్ధం కోసం ఆ విమానాన్ని తలపెట్టారో ఆ యుద్ధమే లేని నాడు ఒక నిండు ప్రాణం బలి అయింది. అంతకు ముందు 1943లో తోకలేని మరొక ప్రయోగ విమానం కూలి మాక్స్ కాన్‌స్టెంట్ అనే చోదకుడు కూడా మరణించాడు. కొత్త ఊహను కాగితంపై గీసేవాడు ఒకడు, దానిని ఆకాశంలో పరీక్షించి ప్రాణమిచ్చేవాడు మరొకడు. విజ్ఞాన చరిత్రలో మొదటివాని పేరు నిలుస్తుంది, రెండవవాని పేరు మరుగున పడుతుంది. నార్త్రప్ చరిత్రను చదివేవారు ఈ సత్యాన్ని మరువరాదు.

నార్త్రప్ కేవలం వింతల వెంట పరుగులు తీసిన స్వాప్నికుడు కాడు. యుద్ధంలో నిజంగా ఉపకరించిన పి-61 అనే విమానాన్ని కూడా ఆయన సంస్థయే నిర్మించింది. రాత్రివేళ రాడార్ సాయంతో శత్రువును వెదకడానికే ప్రత్యేకంగా రూపొందిన తొలి అమెరికా యుద్ధ విమానమది. తోకతో, మొండెంతో, ముందున్న ప్రొపెల్లర్లతో అది పాత మార్గంలోనే నడిచింది. అటువంటివి ఏడు వందలకు పైగా తయారయ్యాయి. అవసరమున్నచోట తెలిసిన దారి, అవకాశమున్నచోట తెలియని దారి అన్నది ఆయన వివేకం. యుద్ధంలో చేతులు కోల్పోయిన సైనికుల కోసం కృత్రిమ హస్తాలను మెరుగుపరచే పనినీ ఆయన సంస్థ చేపట్టింది. విమానంలోని అదుపు పలకలను కదిలించే ఉక్కు తీగల విధానాన్నే అందులో ప్రవేశపెట్టింది. భుజాన్ని కదిలిస్తే తీగ లాగబడి కృత్రిమ హస్తం తెరుచుకొనేది. సంహారం కోసం పుట్టిన విద్య సాంత్వనకూ ఉపయోగపడింది.

యుద్ధానంతరం ఆయన కల పెద్దదయింది. 172 అడుగుల వెడల్పు గల బ్రహ్మాండమైన రెక్క, ఎక్స్‌బి-35 అనే బాంబర్ విమానం, 1946 జూన్‌లో ఎగిరింది. దాని జెట్ రూపమైన వైబి-49 మరుసటి సంవత్సరం అక్టోబరులో ఎగిరింది. 1948 జూన్ 5న ఒక వైబి-49 కూలి అందులోని ఐదుగురూ మరణించారు. వారిలో ఒకరైన గ్లెన్ ఎడ్వర్డ్స్ పేరునే తరువాత మ్యూరాక్ స్థావరానికి పెట్టారు. బాంబులు వేసే సమయంలో ఆ విమానం స్థిరంగా నిలవడం లేదని, పెద్ద బాంబులకు అందులో చోటు చాలదని వైమానిక దళం భావించింది. 1949లో ఒప్పందాలు రద్దయ్యాయి. సిద్ధమైన విమానాలను, సగం కట్టిన విమానాలను ముక్కలు చేసి కరిగించారు. తాము చేతులారా కట్టినవాటిని గొడ్డళ్ళకు, కొలుములకు అప్పగించవలసి రావడం కార్మికులకు ఎంత దుర్భరమో ఊహించవచ్చు. నార్త్రప్ 1952లో సంస్థ నుండి విరమించుకున్నారు. తన సంస్థను మరొక సంస్థలో విలీనం చేయడానికి నిరాకరించినందువల్లనే ఆ రద్దు జరిగిందని వృద్ధాప్యంలో ఆయన ఆరోపించారు. నాటి వైమానిక దళ కార్యదర్శి దానిని ఖండించారు. ఆరోపణలో నిజం ఎంతైనా, విమానంలోని అస్థిరత మాత్రం నిజమే. తోక చేసే పనిని క్షణక్షణం చేయగల సాధనమేదీ అప్పటికి పరిపక్వం కాలేదు. మనిషి చేతులు అంత వేగంగా దిద్దుబాట్లు చేయలేవు.

ఆ సాధనం కంప్యూటరు. విమానం గతిని క్షణంలో ఎన్నోమార్లు గమనించి, చోదకునికి తెలియకుండానే రెక్క అంచులను సర్దగల కంప్యూటర్లు 1970ల నాటికి సిద్ధమయ్యాయి. అంతేకాక తోకలేని పలుచని రూపం రాడార్ కంటికి సులభంగా చిక్కదన్న సంగతి ప్రాధాన్యం సంతరించుకున్నది. నార్త్రప్ స్థాపించిన సంస్థయే అమెరికా కోసం ఒక రహస్య బాంబర్ నమూనాను సిద్ధం చేసింది. 1980లో, అనారోగ్యంతో మాటలు కూడా సరిగా పలకలేని స్థితిలో ఉన్న ఎనభై నాలుగేళ్ళ నార్త్రప్‌కు ప్రభుత్వం ప్రత్యేక అనుమతినిచ్చి ఆ చిన్న నమూనాను చూపింది. వణికే చేతులతో ఆయన దానిని అందుకున్నారు. అది తోక లేనిది, మొండెం లేనిది. అది కేవలం ఒక రెక్క. ముప్పై ఏళ్ళ క్రితం కొలిమిలో కరిగిపోయిన కల ఆయన అరచేతిలో నిలిచింది.

1981 ఫిబ్రవరి 18న నార్త్రప్ కన్నుమూశారు. ఆ నమూనా నిజరూపమైన బి-2 విమానం 1989 జులై 17న ఆకాశానికెగసింది. దాని రెక్కల వెడల్పు 172 అడుగులు. 1946లో ఆయన నిర్మించిన రెక్క కొలత కూడా అదే. ఎన్-1ఎమ్, మిగిలి ఉన్న ఎక్స్‌పి-56 అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ సంరక్షణలోకి చేరాయి.

యుద్ధ విమానాలుగా ఎక్స్‌పి-56, ఎక్స్‌పి-79 విఫలమయ్యాయి. వాటిలో ఒక్కటీ ఒక్క శత్రువునైనా ఎదుర్కొనలేదు. కాని వాటి ద్వారా రెక్క ఎక్కడ తడబడుతుందో తెలిసింది. మండే లోహాన్ని అతికే విద్య లభించింది. తోక లేని విమానానికి ఇంకా ఏమి కావాలో స్పష్టమయింది. ఊహ సరియైనదైనా, దానిని మోయగల సాధనం పుట్టేవరకు అది వేచి ఉండక తప్పదు. ఆ వేచి ఉండే కాలంలో ఊహను విడువకుండా, లోపాలను దాచకుండా శ్రమించినవారే రేపటి తరానికి దారి చూపగలరు. పట్టా లేని ఒక సామాన్య యువకుడు అటువంటి దారి చూపరి కావడమే జాన్ నార్త్రప్ జీవితం మనకు అందించే సందేశం.